పిల్లల పళ్ళ డాక్టరు కోసం నరసాపురం నుంచి భీమవరం వెళ్ళాలా? ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: నరసాపురం అమ్మ

అందరికీ నమస్కారం. మేము నరసాపురంలో ఉంటున్నాము. బాబుకు 7 ఏళ్ళు, పాపకు 4 ఏళ్ళు నిండి మూడు నెలలయింది. మావారు కువైట్‌లో పనిచేస్తున్నారు కాబట్టి పిల్లలను ఎక్కడికి తీసుకెళ్ళాలన్నా నేనొక్కదాన్నే తీసుకెళ్ళాలి. అందుకే ఈ విషయం తొందరపడి తేల్చుకోకుండా, అనుభవం ఉన్నవారిని అడిగి నిర్ణయించుకుందామని రాస్తున్నాను.

పాపకు కింది దవడలో ఎడమవైపు అన్నింటికన్నా వెనకనున్న పన్ను పుచ్చిపోయింది. మొదట అక్కడ సన్నని గోధుమరంగు గీత మాత్రమే కనిపించింది. నాలుగైదు నెలల్లో అది గుంటగా మారి, ఇప్పుడు అన్నం తిన్న ప్రతిసారీ అందులో మెతుకులు ఇరుక్కుంటున్నాయి. ఈ పది రోజుల్లో రెండుసార్లు అర్ధరాత్రి లేచి, బుగ్గ పట్టుకుని ఏడ్చింది. మా ఊళ్ళోనే ఒక పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాము. ఆయన పెద్దవాళ్ళకు బాగానే చూస్తారని పేరుంది. కానీ పాప నోరు తెరవకపోయేసరికి ఇద్దరు మనుషులు చేతులూ తలా పట్టుకోగా మిషను పెట్టబోయారు. పాప గుక్కపట్టి ఏడ్చింది, నేను వద్దని చెప్పి ఎత్తుకుని వచ్చేశాను. ఆ రోజు నుంచి ఇంట్లో బ్రష్ చూపించినా పెదవులు బిగించేస్తోంది.

పిల్లల పళ్ళకు ప్రత్యేకంగా చదివిన డాక్టర్లు ఉంటారని ఆ తరువాతే తెలిసింది. విచారిస్తే మూడు దారులు కనిపించాయి. భీమవరంలో పిల్లల పళ్ళ నిపుణురాలు ఒకరు సొంతంగా క్లినిక్ నడుపుతున్నారు, మా ఇంటినుంచి అక్కడికి ముప్ఫై కిలోమీటర్ల పైనే ఉంటుంది. అదే భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ కూడా ఉంది. మూడోది పాలకొల్లు, మాకు పది కిలోమీటర్ల దూరమే. అక్కడ ఒక క్లినిక్‌కు నెలకు రెండు ఆదివారాలు బయటినుంచి నిపుణుడు వస్తారట. వీటిలో దేన్ని, ఏ లెక్కన ఎంచుకోవాలి? మా అత్తగారు లేసు అల్లుకుంటూ "పాలపళ్ళే కదమ్మా, రేపో మాపో ఊడిపోయేవాటికి ఇంత దూరం తిప్పడమెందుకు" అంటున్నారు. ఆవిడకు పాప మీద ప్రేమ లేక కాదు, బస్సుల్లో పిల్లలు నలిగిపోతారని ఆవిడ బాధ. ఆవిడకు ఏమని చెప్పాలో కూడా తెలియడం లేదు.

జవాబు: ఆకివీడు నాన్న

అమ్మా, మా పెద్దవాడికి అయిదేళ్ళప్పుడు ఇదే పరిస్థితి వచ్చింది. అప్పట్లో మేము వేరే జిల్లాలో ఉండేవాళ్ళం, అక్కడి దంత వైద్య కళాశాలకు తీసుకెళ్ళాము. కళాశాలల్లో పిల్లల పళ్ళకు వేరే విభాగం ఉంటుంది. అక్కడ ఎండీఎస్ (పళ్ళ వైద్యంలో పై చదువు) చదువుతున్న యువ డాక్టర్లు వైద్యం చేస్తే, వారి పైన ప్రొఫెసర్లు వచ్చి చూసి సరిదిద్దుతారు. ఖర్చు ప్రైవేటు క్లినిక్‌తో పోలిస్తే బాగా తక్కువ. అయితే సమయం మాత్రం ఎక్కువే పడుతుంది. మొదటిరోజు చీటీ రాయించుకుని, ఎక్స్‌రే తీయించుకుని, ప్రొఫెసరు గారు చూసేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఆకలి మీదున్న పిల్లవాడు అప్పటికే విసిగిపోయాడు. రెండోసారి నుంచి ఇడ్లీ డబ్బా, నీళ్ళు, వాడికి ఇష్టమైన బొమ్మల పుస్తకం పట్టుకుని, తొమ్మిదింటికల్లా అక్కడుండేవాళ్ళం.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. మా వాడికి చూసిన డాక్టరమ్మ చదువుకుంటున్న అమ్మాయే అయినా, మొదటిరోజు పన్ను జోలికే వెళ్ళలేదు. చిన్న అద్దం వాడి చేతికిచ్చి, తన పళ్ళు వాడి చేత లెక్కపెట్టించింది. మా వాడు పదహారు వరకు లెక్కపెట్టి ఆగిపోతే "మిగిలినవి నీ నోట్లో చూద్దాం" అంది, వాడంతట వాడే నోరు తెరిచాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ అమ్మాయే చూడాలని అడిగి, ఆవిడ ఉండే రోజులు కనుక్కుని వెళ్ళాము. మీరు కళాశాలకు వెళ్ళేటట్లయితే ప్రతిసారీ ఒకే డాక్టరు చూస్తారా అని ముందే అడగండి. ప్రతిసారీ మనిషి మారితే పిల్లలు మళ్ళీ మొదటికి వస్తారు.

జవాబు: తాడేపల్లిగూడెం నుంచి

బయటినుంచి వచ్చే డాక్టరు విషయంలో మా అనుభవం చెబుతాను. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు, మీరు ముందే ఆలోచించుకుంటారని చెబుతున్నాను. మా పాపకు దవడ పన్నుకు నరం శుభ్రం చేసి, స్టీలు క్యాప్ పెట్టారు. వచ్చిన డాక్టరు నిజంగా మంచివారు, చెయ్యి కూడా తేలిక. అయితే ఆయన పదిహేను రోజులకొకసారి వస్తారు. క్యాప్ పెట్టిన మూడోరోజున పాప జీళ్ళు నమిలేసరికి అది ఊడి చేతికొచ్చింది. ఆ క్లినిక్‌కు ఫోను చేస్తే "సారు ఈ ఆదివారం కాదు, ఆ పై ఆదివారం వస్తారు, అప్పటిదాకా జాగ్రత్తగా ఉండండి" అన్నారు. ఆ పన్నెండు రోజులూ పాప ఒకవైపే నమిలింది. ఊడిన క్యాప్‌ను నేను చిన్న డబ్బీలో దాచిపెట్టుకుని రోజులు లెక్కపెట్టుకున్నాను. పళ్ళ వైద్యం ఒక్కసారితో పూర్తయ్యేది కాదు. మధ్యలో ఏదైనా జరిగితే ఎవరు చూస్తారు, అదే వారంలో చూస్తారా అన్నది మాకు అప్పుడు అడగాలని తోచలేదు.

జవాబు: పిల్లల పళ్ళ వైద్యురాలు

నేను ఈ రంగంలోనే పనిచేస్తున్నాను. మీ ఊరికి దగ్గరలో లేను కాబట్టి మిమ్మల్ని నా దగ్గరకు రమ్మనడానికి కాదు, తెలిసినది చెప్పడానికి రాస్తున్నాను.

ముందు మీ అత్తగారి మాట తీసుకుందాం, ఎందుకంటే అది నేను రోజూ వినే మాట. పాలపళ్ళు మొత్తం 20. వాటిలో ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడడం మొదలవుతుంది కాబట్టి అన్నీ అప్పుడే ఊడిపోతాయని అనుకుంటాము. కానీ వెనకనున్న పాల దవడ పళ్ళు 10 నుంచి 12 ఏళ్ళ వరకు నోట్లో ఉండాలి. మీ పాపకు పుచ్చిన పన్ను అదే అయితే, ఇంకో ఆరేడేళ్ళు ఆ పన్నుతోనే నమలాలి. దాన్ని ఇప్పుడే పీకించేస్తే, 6 ఏళ్ళకు దాని వెనక వచ్చే శాశ్వత దవడ పన్ను ముందుకు జరిగి, ఆ ఖాళీని ఆక్రమిస్తుంది. ఆ తరువాత కింద నుంచి రావలసిన పన్నుకు చోటుండదు, వంకరగా వస్తుంది లేదా లోపలే చిక్కుకుంటుంది. తప్పనిసరై పీకవలసి వస్తే ఆ ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటైనర్ అనే చిన్న తీగ అమరిక పెడతాము. అత్తగారికి ఈ ఒక్క మాట చెప్పండి: ఈ పన్ను ఊడేది రేపో మాపో కాదు, పాప అయిదో తరగతికి వచ్చేదాకా ఉండవలసినది.

ఇక రాత్రి నిద్రలోంచి లేపే నొప్పి గురించి. తియ్యనిది తిన్నప్పుడు మాత్రమే జివ్వుమని, వెంటనే తగ్గిపోయే నొప్పి వేరు. ఏమీ తినకుండానే అర్ధరాత్రి వచ్చే నొప్పి, పుచ్చు నరం దాకా చేరిందనడానికి సాధారణంగా గుర్తు. చూడకుండా, ఎక్స్‌రే తీయకుండా నేను నిర్ధారించలేను గానీ, మీరు వారాల తరబడి ఆగవద్దని మాత్రం చెప్పగలను. బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం లేదా మింగడం కష్టమైనా అదే రోజు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. వాపు మీద వేడి కాపడం పెట్టకండి. లవంగనూనె దూదితో పంటిలో పెట్టడం మన ఇళ్ళలో అలవాటే, కానీ చిన్నపిల్లల చిగురు దానికి కాలి పుండు పడుతుంది. అన్నం తిన్నాక గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించి ఉమ్మేయమనండి. నొప్పి మందు బరువును బట్టి ఎంత ఇవ్వాలో మీ పిల్లల డాక్టరును అడగండి.

డాక్టరును ఎంచుకోవడం దగ్గరకు వస్తే, బోర్డు మీద ఎండీఎస్ అని ఉన్నంత మాత్రాన పిల్లల నిపుణులని అనుకోకండి. అయిదేళ్ళ బీడీఎస్ తరువాత చేసే మూడేళ్ళ ఎండీఎస్‌లో చాలా శాఖలున్నాయి: పళ్ళకు క్లిప్పులు వేసేవారు, శస్త్రచికిత్స చేసేవారు, చిగుళ్ళు చూసేవారు అందరూ ఎండీఎస్‌లే. పిల్లల శాఖ పేరు పీడోడాంటిక్స్. ఫోనులో "డాక్టరు గారు పీడోడాంటిక్స్ చేశారా" అని అడగడంలో మొహమాటపడవలసినది ఏమీ లేదు. అలాగని ఆ డిగ్రీ లేని ప్రతివారూ పిల్లలను చూడలేరని కాదు. ఓపిక ఉన్న బీడీఎస్ డాక్టర్లు చిన్న చిన్న పుచ్చులకు చక్కగా సిమెంటు పెడతారు. కానీ ఒకసారి భయపడిన నాలుగేళ్ళ పాపకు నరం వైద్యం చేయాలంటే, ఆ చదువులో నేర్పే ఓర్పూ పద్ధతీ అవసరమే.

ఆ పద్ధతి అంటే, ముందు పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పడం, తరువాత వాళ్ళ వేలి మీదో గోటి మీదో చూపించడం, ఆ తరువాతే నోట్లో చేయడం. అందుకని ఫోనులో రెండు మూడు సంగతులు కనుక్కోండి. మొదటిరోజు వైద్యం చేయకుండా కేవలం చూసి, పాపతో మాట్లాడి పంపిస్తారా? వైద్యం జరుగుతున్నప్పుడు తల్లిని పక్కన ఉండనిస్తారా? పాప ఒప్పుకోకపోతే ఏం చేస్తారు? ఈ మూడో ప్రశ్నకు వచ్చే జవాబే నాకు అన్నింటికన్నా ముఖ్యం. "పట్టుకుని చేసేస్తామండీ" అన్నారంటే వేరేచోటు చూసుకోండి. "ఆ రోజుకు ఆపి, ఇంకోరోజు ప్రయత్నిస్తాము, అప్పటికీ కాకపోతే వేరే మార్గాలు వివరిస్తాము" అంటే వెళ్ళవచ్చు.

వేరే మార్గాల్లో మత్తు కూడా ఒకటి. పూర్తి మత్తు ఇచ్చి చేయవలసి వస్తే అది ఆసుపత్రిలో, మత్తు డాక్టరు దగ్గరుండగా జరగాలి. పాప ఎన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలో ముందే చెబుతారు, దాన్ని అక్షరాలా పాటించాలి. క్లినిక్ కుర్చీలోనే నిద్రమందు ఇచ్చి చేసేస్తామని ఎవరైనా తేలికగా చెబితే, మత్తు ఇచ్చేదెవరు, ఆక్సిజన్ సౌకర్యం ఉందా అని అడగకుండా ఒప్పుకోవద్దు.

నరం దాకా చేరని పుచ్చులకు సూదీ మిషనూ లేని వైద్యాలు ఇప్పుడు ఉన్నాయి. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే చుక్కమందు పూస్తే పుచ్చు పెరగకుండా ఆగుతుంది, కానీ పుచ్చిన చోటు నల్లగా మారుతుంది. ఆ నలుపు పోదు కాబట్టి ముందే తల్లిదండ్రులకు చెప్పి పూయాలి. స్కాట్లండ్ దంత వైద్యురాలు నోర్నా హాల్ పేరుతో పిలిచే పద్ధతిలో, పన్నును అరగదీయకుండానే స్టీలు క్యాప్ తొడుగుతారు. మీ పాపకు నొప్పి ఉన్న పన్నుకు ఇవి సరిపోకపోవచ్చు, మిగతా పళ్ళలో మొదలవుతున్నవి ఉంటే పనికొస్తాయి. నరం వైద్యం అవసరమైతే, తిమ్మిరి సూది వేసి, నరాన్ని శుభ్రం చేసి, మందు నింపి, పైన క్యాప్ పెడతారు. సూది మందు బరువును బట్టి లెక్కగట్టాలి కాబట్టి, ఆ రోజు పాప బరువు తూచారా లేదా గమనించండి. వైద్యం అయ్యాక రెండు మూడు గంటలు పెదవి తిమ్మిరిగా ఉంటుంది. పిల్లలు తెలియక దాన్ని కొరుక్కుంటారు, మరునాటికి పెదవి ఉబ్బి పుండవుతుంది. బస్సులో పాప పెదవి మీద మీ చూపు ఉండాలి.

బాబును కూడా చూపించండి. 6 ఏళ్ళకు వచ్చే శాశ్వత దవడ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే, అన్నింటి వెనక నిశ్శబ్దంగా వస్తుంది. చాలామంది తల్లిదండ్రులు దాన్ని పాలపన్నే అనుకుని, పుచ్చినా వదిలేస్తారు. దాని మీద లోతైన గాడులుంటే సీలెంట్ అనే పూత వేసి మూసేస్తే మెతుకులు చేరవు. అది పది నిమిషాల పని, నొప్పి ఉండదు.

జవాబు: నరసాపురం అమ్మ

డాక్టరు గారూ, మీరు ఇంత వివరంగా రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ అయిదో తరగతి మాట అత్తగారికి చెప్పాను. అల్లుతున్న లేసు పక్కన పెట్టి "అయితే నేనూ వస్తాను, బాబును నేను పట్టుకుంటాను" అన్నారు. ఒక్కదాన్నే ఇద్దరినీ ఎలా తిప్పాలా అన్న దిగులు దాంతో తీరింది.

పాపకు ముందుగా ఏమని చెప్పాలన్నది ఇంకొక సందేహం. "ఏమీ చేయరు, ఊరికే చూస్తారు" అని చెప్పి తీసుకెళ్తే, తరువాత సూది వేసినప్పుడు నన్నే నమ్మదేమోనని భయంగా ఉంది.

జవాబు: పిల్లల పళ్ళ వైద్యురాలు

మీ భయం సరైనదే. మొదటిరోజు ఏమీ చేయరని క్లినిక్‌వారు మీకు మాటిచ్చి ఉంటే, అప్పుడు "ఈ రోజు పళ్ళు లెక్కపెట్టి పంపిస్తారు" అని చెప్పండి, అది నిజమే కాబట్టి. వైద్యం చేసే రోజున "నొప్పి ఉండదు" అనకండి, "సూది" అన్న మాటా మీరు ఎత్తకండి. ఆ సంగతి పాపకు చెప్పడం మా పని, మాకు దానికి వేరే మాటలున్నాయి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇంట్లో అల్లరి చేసినప్పుడు "డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళి సూది వేయిస్తాను" అని బెదిరించే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానిపించండి. ఆ బెదిరింపు విని పెరిగిన పిల్లలను కుర్చీలో కూర్చోబెట్టడానికి మాకు రెండు మూడు సార్లు పడుతుంది. సమయం ఉదయం పూటే అడగండి, సాయంత్రానికి ఆ వయసు పిల్లలు అలసిపోతారు.

జవాబు: ఆకివీడు నాన్న

ప్రయాణం గురించి ఒక్క మాట. నరసాపురం నుంచి పాలకొల్లు, వీరవాసరం మీదుగా భీమవరానికి రైలు మార్గం ఉంది. సమయం కుదిరితే పిల్లలతో బస్సుకన్నా రైలే నయం. కిటికీ పక్కన కూర్చోబెడితే వరిచేలూ చేపల చెరువులూ చూసుకుంటూ వస్తారు. వైద్యం అయిన రోజు తిరుగు ప్రయాణంలో తినుబండారాలు అమ్మేవాళ్ళ దగ్గర ఏమీ కొనిపెట్టకండి, పెదవి తిమ్మిరి తగ్గేదాకా కొరుక్కునే ప్రమాదం ఉంటుంది కదా.

జవాబు: నరసాపురం అమ్మ

ఏం జరిగిందో చెప్పడం నా బాధ్యత కాబట్టి రాస్తున్నాను. ముందు పాలకొల్లు క్లినిక్‌కు ఫోను చేశాను. మధ్యలో ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారని అడిగితే, ఆ ఆదివారాల్లో తప్ప పిల్లలను చూసేవారు లేరని నిజాయితీగానే చెప్పారు. కళాశాల మంచిదే అనిపించింది గానీ, పాపకు రాత్రి నొప్పి వస్తున్నప్పుడు ఎక్కువసేపు కూర్చోబెట్టలేనని భీమవరంలోని క్లినిక్‌కే మొగ్గాను. మీరు చెప్పిన మూడు ప్రశ్నలూ కాగితం మీద రాసుకుని ఫోనులో అడిగాను. ఒప్పుకోకపోతే ఏం చేస్తారన్న ప్రశ్నకు అక్కడి అమ్మాయి "డాక్టరు గారినే అడిగి చెబుతానండీ" అని పెట్టేసి, అరగంటలో ఆవిడ చేతనే ఫోను చేయించింది. ఆవిడ పావుగంట మాట్లాడారు. ఇంతకుముందు ఏం జరిగిందో మొత్తం చెప్పమన్నారు.

మొన్న గురువారం ఉదయం నలుగురం వెళ్ళాము. డాక్టరు గారు ముందు బాబును కుర్చీలో కూర్చోబెట్టి చూస్తూ, పాపను పక్కన స్టూలు మీద నిలబడనిచ్చారు. గాలి ఊదే గొట్టాన్ని పాప అరచేతిలో ఊది చూపించారు, అది చక్కిలిగిలి పెడుతోందని పాప చెయ్యి మళ్ళీ చాపింది. తరువాత నా ఒళ్ళోనే కూర్చుని నోరు తెరిచింది. ఆవిడ ఒక్కొక్క పన్నునూ అద్దంతో తాకుతూ ఇరవై దాకా పైకి లెక్కపెట్టారు. చిన్న ఎక్స్‌రే తీసి, తెర మీద పుచ్చు నరాన్ని తాకుతున్న నల్లని చోటును నాకు చూపించారు. నరం శుభ్రం చేసి క్యాప్ పెట్టాలన్నారు. మొత్తం ఎంతవుతుందో, ఎన్నిసార్లు రావాలో కాగితం మీద రాసిచ్చారు. పై పళ్ళలో రెండింటికి మొదలవుతున్న పుచ్చుకు చుక్కమందు సరిపోతుందని, నల్లబడుతుందని ముందే చెప్పి నన్ను అడిగారు. వెనక పళ్ళే కాబట్టి ఒప్పుకున్నాను.

ఆ రాత్రి పాప బ్రష్ పట్టుకుని వచ్చి, అత్తగారిని నోరు తెరవమని పళ్ళు లెక్కపెట్టింది. తరువాత తన పళ్ళు నా చేత తోమించుకుంది, పెదవులు బిగించలేదు. వచ్చే మంగళవారం ఉదయం పదింటికి నరం వైద్యం మొదలుపెడతారు, బాబు దవడ పళ్ళకు పూత కూడా అదే రోజు వేస్తారు.